జవాబు వచ్చింది, చదివే హక్కు లేదు

వెబ్ పేజీలు రాయడం నేర్చుకునేవాళ్లకు మొదటి నెలల్లోనే తగిలే ఎర్ర అక్షరాల వాక్యం ఒకటుంది. సొంత పేజీలో తెలుగు వికీపీడియా వ్యాసమొకదాని మొదటి పేరా చూపించాలనుకున్నారనుకుందాం. ప్రోగ్రాములు సమాచారం అడిగి తీసుకోవడానికి వికీపీడియా ఒక ద్వారం పెట్టింది, దాన్ని ఏపీఐ అంటారు. వ్యాసం పేరు చేర్చి ఆ చిరునామాను బ్రౌజర్ పై పట్టీలో కొడితే సమాచారమంతా తెర మీద పరుచుకుంటుంది. అదే చిరునామాను జావాస్క్రిప్ట్‌లో ఫెచ్ అనే ఆజ్ఞకు అందిస్తే మాత్రం ప్రోగ్రాము చేతికి ఏమీ రాదు. డెవలపర్ టూల్స్ తెరిచి చూస్తే క్రోమ్ కన్సోల్‌లో ఒకే వరుసలో 'ఫెయిల్డ్' అనీ, దాని పక్కనే '200 ఓకే' అనీ ఉంటుంది. 200 అంటే అడిగింది ఇచ్చేశానని సర్వర్ చెప్పడం. అంటే అభ్యర్థన వెళ్లింది, వికీపీడియా సర్వర్ దాన్ని చదివింది, జవాబు కట్టి పంపింది, ఆ జవాబు ఇంట్లో ఉన్న కంప్యూటర్ దాకా వచ్చింది. బ్రౌజర్ దాన్ని పుచ్చుకుని, అడిగిన పేజీకి ఇవ్వకుండా తన దగ్గరే ఆపేసింది. వచ్చిన జవాబును ఇలా దాచేయడం చాలామందికి అర్థంలేని పెత్తనంలా కనిపిస్తుంది. నిజానికి వెబ్‌లో మన ఖాతాలన్నీ ఆధారపడి ఉన్నది ఈ పెత్తనం మీదే.

ఈ నిబంధన చుట్టూ తిరిగే అపార్థాలకు వేరు ఒకచోటే ఉంది. ఒక సైటు నుంచి ఇంకో సైటుకు అభ్యర్థన పంపడాన్ని బ్రౌజర్ అడ్డుకుంటుందని అనుకుంటారు. చాలా సందర్భాల్లో అది ఆపేది పంపడాన్ని కాదు, చదవడాన్ని. ఈ తేడా పట్టుబడాలంటే బ్రౌజర్ ఎవరి మనిషో ముందు తేల్చుకోవాలి. మన ఇంటికి నమ్మకమైన మనిషి ఒకడున్నాడనుకోండి. బ్యాంకులో, పోస్టాఫీసులో, రేషన్ దుకాణంలో అందరికీ వాడి ముఖం తెలుసు. ఫలానా వాళ్ల ఇంటి నుంచి వచ్చాడని గుర్తుపట్టి అడిగిన కాగితం ఇచ్చి పంపుతారు. వీధిలో ఎవరు చీటీ రాసిచ్చినా కాదనకుండా వెళ్లిరావడం వాడి అలవాటు. దారినపోయేవాడెవడో 'బ్యాంకులో నిల్వ ఎంతుందో రాయించుకురా' అని చీటీ చేతిలో పెట్టాడు. మనవాడు వెళ్లాడు. బ్యాంకువాళ్లు వాడి ముఖం చూసి మన ఖాతా నిల్వ రాసిచ్చారు. ఇప్పుడా కాగితం ఎవరి చేతిలో పెట్టాలి? చీటీ రాసినవాడు దారినపోయేవాడు, కాగితంలో ఉన్నది మన వివరం. బ్రౌజర్ సరిగ్గా ఈ మనిషే. మనం తెరిచిన ప్రతి పేజీ, అందులోకి తోసుకొచ్చే ప్రతి ప్రకటన, ఎక్కడినుంచో తెచ్చి అతికించిన ప్రతి స్క్రిప్ట్ దాని చేతిలో చీటీలు పెడుతూనే ఉంటుంది.

ఆ ముఖపరిచయానికి వెబ్‌లో పేరు కుకీ. 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేస్తున్న లూ మాంటుల్లీ దాన్ని ప్రవేశపెట్టారు. ఒకసారి లాగిన్ అయ్యాక సర్వర్ ఒక చిన్న గుర్తు ఇస్తుంది, ఆ తర్వాత అదే సర్వర్‌కు వెళ్లే అభ్యర్థనలకు బ్రౌజర్ ఆ గుర్తును తనంతట తనే తగిలిస్తుంది. మొదటి రూపంలో కుకీకి కావలసింది అభ్యర్థన ఎక్కడికి వెళ్తోంది అన్నదొక్కటే, దాన్ని ఏ పేజీ రాయించింది అన్నది పట్టదు. పేజీలో ప్రోగ్రాములు లేనంతకాలం ఇందులో ప్రమాదం పెద్దగా లేదు. నెట్‌స్కేప్ నావిగేటర్ 2తో జావాస్క్రిప్ట్ వచ్చాక పేజీ అంటే కాగితం కాకుండా పోయింది, పక్క ఫ్రేములో ఏముందో తొంగిచూడగల ప్రోగ్రాము అయింది. ఒక ఫ్రేములో మన మెయిలు, ఇంకో ఫ్రేములో ముక్కూముఖం తెలియని సైటు ఉంటే రెండోది మొదటిదాన్ని చదివేయగలదు. అందుకే ఆ తొలినాళ్లలోనే సేమ్ ఆరిజిన్ పాలసీ పుట్టింది: ఒకే మూలం నుంచి వచ్చినవే ఒకదాన్నొకటి చదువుకోవచ్చు.

ఇక్కడ మూలం, అంటే ఆరిజిన్, మూడు వివరాల కట్ట: ప్రోటోకాల్, హోస్ట్ పేరు, పోర్టు నంబరు. 2011లో ఆడం బార్త్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 6454 అనే ప్రమాణ పత్రం ఈ నిర్వచనాన్ని స్థిరపరిచింది. మూడింటిలో ఏ ఒక్కటి మారినా మూలం మారినట్టే. ఒకే సైటు హెచ్‌టీటీపీ రూపం, హెచ్‌టీటీపీఎస్ రూపం పరస్పరం పరాయివి. ఒకే ల్యాప్‌టాప్‌లో 3000 పోర్టులో నడిచే పేజీ, 8080 పోర్టులో నడిచే సర్వర్ కూడా పరాయివే. సొంత కంప్యూటర్‌లో తను రాసిన పేజీ తను రాసిన సర్వర్‌తో మాట్లాడలేకపోవడం చూసి కొత్తవాళ్లు తలపట్టుకునేది ఇక్కడే. బ్రౌజర్‌కు మాత్రం ఆ రెండూ ఒకే మనిషివని తెలిసే దారి లేదు, తెలిసినట్టు ఊహించుకోవడం దాని పని కాదు.

పరాయి మూలాల మధ్య సమాచారం ఇచ్చిపుచ్చుకోవలసిన అవసరం మాత్రం నిజమైనదే. 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో వచ్చిన ఎక్స్‌ఎంఎల్ హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ వల్ల పేజీని మళ్లీ లోడ్ చేయకుండానే సర్వర్‌ను అడగడం సాధ్యమైంది, కానీ సొంత మూలాన్ని మాత్రమే. దాంతో ప్రోగ్రామర్లు పెరటిదారి వెతికారు. స్క్రిప్ట్ ట్యాగుతో ఏ సైటు నుంచైనా ప్రోగ్రామును తెచ్చి నడపొచ్చు, దానికి మొదటినుంచీ అడ్డు లేదు. కాబట్టి సర్వర్ తన సమాచారాన్ని ఒక ఫంక్షన్ పిలుపులో చుట్టి, ప్రోగ్రాములా పంపిస్తే సరి. 2005లో దీనికి జేసన్‌పీ అన్న పేరు స్థిరపడింది. చిట్కా తెలివైనదే, రెండు వైపులా ప్రమాదకరమైనది కూడా. తెచ్చుకున్న పేజీ ఆ సర్వర్ ఏం పంపితే అది తన ఇంట్లో నడిపించాలి. ఇచ్చే సర్వర్‌కేమో ఎవరు తీసుకుపోతున్నారో తెలియదు. 2006లో జెరెమయా గ్రాస్‌మన్ అనే భద్రతా పరిశోధకుడు ఈ బాపతు లోపాన్ని జీమెయిల్‌లో చూపించారు: లాగిన్ అయి ఉన్న మనిషి వేరే పేజీ తెరిస్తే చాలు, ఆ పేజీ అతని పరిచయస్తుల చిట్టాను స్క్రిప్ట్‌గా లాక్కుని చదివేయగలదు. గూగుల్ దాన్ని వెంటనే సరిదిద్దింది. చదవడం మీది నిషేధానికి ఒక కంత ఉంటే ఏమవుతుందో ఈ ఉదంతం చూపిస్తుంది. అభ్యర్థనలో మోసం లేదు, కుకీ దొంగిలించలేదు, పాస్‌వర్డ్ పోలేదు. జవాబు చదివే వీలు దొరికింది, అంతే.

ఈ పెరటిదారికి బదులు సింహద్వారమే కట్టాలన్న ఆలోచన 2004లో, వెబ్ పేజీల కోసం కూడా కాకుండా, ఫోన్‌లో గొంతుతో పనిచేసే వాయిస్ ఎక్స్‌ఎంఎల్ కోసం టెల్‌మీ నెట్‌వర్క్స్ ఉద్యోగులు చేసిన ప్రతిపాదనగా మొదలైంది. అది పెరిగి క్రాస్ ఆరిజిన్ రిసోర్స్ షేరింగ్ అయింది, నోటి వాడుకలో కోర్స్. 2014 జనవరిలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ దాన్ని ప్రమాణంగా ప్రకటించింది. ఇందులోని ఆలోచన సూటిగా ఉంటుంది: చదవొచ్చో లేదో చెప్పవలసింది అడిగినవాడు కాదు, బ్రౌజర్ కూడా కాదు, జవాబిచ్చిన సర్వర్. ఏ మూలం నుంచి అడుగుతున్నదీ బ్రౌజర్ అభ్యర్థనలోనే రాసి పంపుతుంది. ఆ మూలానికి చదివే అనుమతి ఉంటే సర్వర్ తన జవాబుకు యాక్సెస్ కంట్రోల్ అలౌ ఆరిజిన్ అనే హెడర్ తగిలిస్తుంది. హెడర్ ఉంటే బ్రౌజర్ జవాబును పేజీకి అందిస్తుంది, లేకపోతే ఇందాకటి ఎర్ర వాక్యం. అందించేటప్పుడు కూడా అంతా విప్పదు. జవాబులోని విషయం, దాని రకం, పొడవు, చివరగా మారిన తేదీ వంటి కొద్దిపాటి హెడర్లు మాత్రమే కనిపిస్తాయి. మిగతావి చూడాలంటే సర్వర్ వాటి పేర్లు విడిగా చెప్పి విప్పాలి.

వికీపీడియా ఉదాహరణకు తిరిగి వస్తే దీని సొబగు బాగా కనిపిస్తుంది. ఆ చిరునామా చివర ఆరిజిన్ సమానం నక్షత్రం అన్న ఒక్క ముక్క చేరిస్తే ఎర్ర వాక్యం మాయమై వ్యాసం వచ్చేస్తుంది. ఆ నక్షత్రం వెనుక ఒక ఒప్పందం ఉంది. 'నన్ను ఎవరో తెలియని పాఠకుడిగా చూడు, నేను లాగిన్ అయి ఉన్నా ఆ సంగతి పట్టించుకోకు' అని అడిగినట్టు. సర్వర్ సరేనని, ఊరందరికీ ఇచ్చే జవాబే ఇచ్చి, ఎవరైనా చదువుకోవచ్చని హెడర్ తగిలిస్తుంది. వ్యాసం ఊరందరిదీ, నా వీక్షణ జాబితా నాది. నిబంధన కాపాడుతున్నది రెండోదాన్ని. మొదటిదాన్ని పంచడానికి సర్వర్ ఒక్క హెడర్ పెడితే చాలు. కుకీలతో వెళ్లిన అభ్యర్థనకు మాత్రం నక్షత్రం చెల్లదు. అప్పుడు సర్వర్ ఏ మూలాన్ని నమ్ముతోందో పేరుపెట్టి రాయాలి, కుకీలకు కూడా ఒప్పుకుంటున్నానని ఇంకో హెడర్‌లో విడిగా చెప్పాలి.

దీని మీద అందరికంటే గట్టిగా వినిపించే అభ్యంతరం ఇది: అదే చిరునామాను టెర్మినల్‌లో కర్ల్‌తోనో, పోస్ట్‌మన్ అప్లికేషన్‌తోనో అడిగితే జవాబు హాయిగా వస్తుంది కదా, మధ్యలో ఒక సర్వర్ పెట్టి దాని ద్వారా తెప్పించుకున్నా వస్తుంది కదా, ఇంత తేలిగ్గా దాటగలిగే గోడ దేనికి? ఈ వాదన గోడ ఎవరి చుట్టూ ఉందో గమనించదు. కర్ల్ వాడేవాడు తన కంప్యూటర్ నుంచి, తన పేరుతో, తనకు దక్కే జవాబే తెచ్చుకుంటాడు. మధ్యవర్తి సర్వర్ వెళ్లేది దాని సొంత ముఖంతో. వాటిలో ఏదీ ఇంకొకరి బ్రౌజర్‌లో కూర్చుని ఆ ఇంకొకరి ముఖంతో వెళ్లదు. కోర్స్ సర్వర్‌ను కాపాడే తాళం కాదు. లాగిన్ తనిఖీ, అనుమతుల తనిఖీ సర్వర్ ఎటూ చేసుకోవలసిందే. ఇది బ్రౌజర్ ముందు కూర్చున్న మనిషిని, అతను తెరిచిన పేజీల నుంచి కాపాడేది.

దీనికి జవాబుగా ఇంకా పదునైన ప్రశ్న వేయొచ్చు. ఈ రోజు ఫెచ్ ఆజ్ఞ పరాయి మూలాలకు వెళ్లేటప్పుడు, రాసినవాళ్లు ప్రత్యేకంగా కోరితే తప్ప, కుకీలు తగిలించదు. పైగా 2020 నుంచి క్రోమ్ సేమ్‌సైట్ నియమంతో కుకీలను చాలావరకు సొంత సైటుకే కట్టేసింది, సఫారీ పరాయి సందర్భంలో కుకీలను పూర్తిగా ఆపేసింది. ముఖపరిచయమే లేకుండా వెళ్లిన అభ్యర్థనకు వచ్చిన జవాబును దాచడమెందుకు? ప్రశ్న న్యాయమైనదే, కానీ గుర్తింపు అంటే కుకీ ఒక్కటే అనుకోవడంలో పొరపాటుంది. ఎక్కడ నుంచి అడుగుతున్నామన్నది కూడా ఒక గుర్తింపే. ఇంట్లో వైఫై రౌటర్ సెట్టింగుల పేజీ చాలాచోట్ల 192.168.1.1 అనే చిరునామాలో ఉంటుంది, బయటి ఇంటర్నెట్ నుంచి దాన్ని తాకలేరు. ఆఫీసు లోపలి సర్వర్లు ఫైర్‌వాల్ వెనుక ఉన్నామన్న ధీమాతో పాస్‌వర్డ్ అడగకుండానే కాగితాలు చూపిస్తుంటాయి. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు చందా కట్టిన పరిశోధన పత్రికలు, క్యాంపస్ ఐపీ అడ్రసు చూసి తలుపు తీస్తాయి. వీటన్నిటికీ కుకీతో పనిలేదు. బయట ఎక్కడో ఉన్న సైటు తన జావాస్క్రిప్ట్‌ను మన బ్రౌజర్‌లోకి పంపిందంటే, ఆ ప్రోగ్రాము గోడ లోపలికి వచ్చి కూర్చున్నట్టే. లోపలి సర్వర్‌ను అది అడగగలదు. అడిగిందాన్ని చదివి బయటికి చేరవేయకుండా ఆపుతున్నది ఈ నిబంధనే. కుకీ లేని జవాబులన్నీ చదవొచ్చని రేపు నియమం మార్చితే, ఏ హెడరూ పెట్టని లక్షల పాత సర్వర్లు ఒక్కరోజులో బట్టబయలవుతాయి. మౌనాన్ని అంగీకారంగా తీసుకోకపోవడం ఇక్కడ తెలివైన నిర్ణయం.

మరి పంపడాన్ని ఎందుకు వదిలేశారు? డబ్బు బదిలీ చేయమన్న అభ్యర్థన వెళ్లాక, జవాబు చదవనివ్వకపోతే మాత్రం ఒరిగేదేమిటి? ఈ నిబంధనలో నిజంగా అసౌకర్యమైన చోటు ఇదే, దీన్ని దాచుకోనక్కర్లేదు. జావాస్క్రిప్ట్ పుట్టకముందే హెచ్‌టీఎంఎల్ ఫారం ఏ సైటు నుంచి ఏ సైటుకైనా సమాచారం పంపగలిగేది, వెబ్ అంతా ఆ అలవాటు మీద కట్టింది. దాన్ని వెనక్కి తీసుకుంటే ఉన్న సైట్లు కూలిపోతాయి. అందుకని కోర్స్ ఒక గీత గీసింది: పాత ఫారం చేయగలిగిన పనులకు అడ్డు లేదు, అంతకు మించినవాటికి ముందు అనుమతి కావాలి. పుట్, డిలీట్ వంటి పద్ధతులు వాడినా, జేసన్ అనే సమాచార రూపంలో పంపినా, సొంత హెడర్లు తగిలించినా, బ్రౌజర్ అసలు అభ్యర్థనకు ముందు ఆప్షన్స్ అనే చిన్న అభ్యర్థన పంపి 'ఇలాంటిది పంపొచ్చా' అని అడుగుతుంది. ప్రీఫ్లైట్ అంటారు దీన్ని. సర్వర్ ఒప్పుకోకపోతే అసలుది బయల్దేరదు. దీనివల్ల ఒక రౌండు ఆలస్యం అవుతుంది, ఆ అనుమతిని కొంతసేపు గుర్తుపెట్టుకోమని సర్వర్ చెప్పొచ్చు. క్రోమ్ గరిష్ఠంగా రెండు గంటలు గుర్తుంచుకుంటుంది, ఫైర్‌ఫాక్స్ ఒక రోజంతా.

అయినా ఫారం దారి తెరిచే ఉంది కదా? ఉంది. ఆ దారిలో జరిగే మోసాలను ఆపడానికి సైట్లు వాడే అతి పాత ఉపాయాన్ని దగ్గరగా చూస్తే, చదవడం మీది నిషేధం విలువ ఇంకా తేటపడుతుంది. బ్యాంకు తన బదిలీ ఫారంలో కంటికి కనిపించని ఒక గడిలో పెద్ద యాదృచ్ఛిక సంఖ్యను పెడుతుంది. ఫారం తిరిగి వచ్చినప్పుడు ఆ సంఖ్య సరిగ్గా ఉంటేనే పని చేస్తుంది. మోసగాడి పేజీ ఫారం తయారుచేసి పంపగలదు, కానీ అందులో ఏ సంఖ్య పెట్టాలో దానికి తెలియదు. తెలుసుకోవాలంటే బ్యాంకు పేజీని మన పేరుతో తెప్పించి చదవాలి. తెప్పించినా చదవలేదు. సంఖ్య రహస్యంగా ఉండటానికి ఏకైక కారణం పరాయి మూలం జవాబు చదవలేకపోవడమే. కాబట్టి పంపడాన్ని వదిలేసి చదవడాన్ని మాత్రమే ఆపడం సగం పని అనే మాట నిలవదు. చదవడం ఆపబట్టే పంపడాన్ని ఆపే ఉపాయం పనిచేస్తోంది.

ప్రోగ్రామర్ల కష్టం గురించి కూడా మాట్లాడాలి, ఎందుకంటే అది నిజమైన కష్టం. ఫెచ్ విఫలమైనప్పుడు ప్రోగ్రాముకు అందేది 'ఫెయిల్డ్ టు ఫెచ్' అన్న రెండు మూడు ముక్కల టైప్ ఎర్రర్ మాత్రమే. సర్వర్ లేదా, నెట్ పోయిందా, హెడర్ లేదా, ఏదీ చెప్పదు. కారణం కన్సోల్‌లో మనిషి కళ్లకు కనిపిస్తుంది, ప్రోగ్రాముకు కాదు. ఈ గోప్యత కావాలని పెట్టిందే. 'సర్వర్ ఉంది కానీ హెడర్ లేదు', 'అసలు సర్వరే లేదు' అన్న రెండింటికీ వేర్వేరు జవాబులిస్తే, ఏ పేజీ అయినా మన ఇంటి నెట్‌వర్క్‌లోని చిరునామాలను వరుసగా తట్టి ఎక్కడ ప్రింటర్ ఉంది, ఎక్కడ కెమెరా ఉంది అని పటం గీసుకోగలదు. జవాబు రావడానికి పట్టే సమయాన్ని బట్టి ఇప్పటికీ కొంత ఊహించవచ్చన్నది నిజమే, అంత మాత్రాన తలుపు బార్లా తెరవమనడం సబబు కాదు. తొందరలో ఈ కష్టాన్ని తప్పించుకునే పద్ధతి ఒకటి మాత్రం నిజంగా హాని చేస్తుంది: ఎవరు అడిగితే వాళ్ల మూలాన్నే యథాతథంగా అనుమతి హెడర్‌లో తిప్పి రాసేయడం, కుకీలకు కూడా సరేననడం. ఎర్ర వాక్యం పోతుంది, దానితోపాటు రక్షణ కూడా. 2016లో జేమ్స్ కెటిల్ అనే పరిశోధకుడు ఇలాంటి సర్వర్లను పరిశీలించి, ఒక బిట్‌కాయిన్ ఎక్స్ఛేంజీలో ఖాతాదారుల రహస్య కీలను పరాయి పేజీ చదివేయగలదని రుజువు చేశారు. ఆ సర్వర్ తనకు తానే తాళం తీసి ఇచ్చింది, బ్రౌజర్ చేయగలిగింది ఏమీ లేకపోయింది.

చరిత్ర మిగిల్చిన సడలింపులు ఇంకా ఉన్నాయి. బొమ్మలు, స్క్రిప్టులు, వీడియోలు పరాయి సైట్ల నుంచి తెచ్చి చూపించవచ్చు. చూపించవచ్చు కానీ చదవకూడదు అన్న గీతను బ్రౌజర్ ఇక్కడా నిలబెట్టడానికి పాట్లు పడుతుంది. అనుమతి లేని పరాయి బొమ్మను పేజీలో కాన్వాస్ అనే గీతల పలక మీద గీస్తే ఆ కాన్వాస్ మైలపడినట్టు లెక్క, ఆ తర్వాత దాని చుక్కల రంగులు అడిగితే సెక్యూరిటీ ఎర్రర్ వస్తుంది. పరాయి స్క్రిప్ట్‌లో తప్పు జరిగితే పేజీకి 'స్క్రిప్ట్ ఎర్రర్' అన్న మాట తప్ప వరుస నంబరు కూడా తెలియదు. అయినా బొమ్మ వెడల్పు, ఎత్తు మాత్రం తెలిసిపోతాయి. లాగిన్ అయినవాళ్లకు ఒక సైజు, కానివాళ్లకు ఇంకో సైజు బొమ్మ ఇచ్చే సర్వర్ ఉంటే, మనం అక్కడ లాగిన్ అయ్యామో లేదో పరాయి పేజీకి తెలిసిపోయినట్టే. ఫెచ్‌లో నో కోర్స్ అనే పద్ధతి కూడా ఈ కోవలోదే. అనుమతి హెడర్ లేకున్నా జవాబు వస్తుంది, కానీ అది మూసిన డబ్బా: స్టేటస్ 0, లోపల విషయం శూన్యం, హెడర్లు లేవు. దాన్ని ఆఫ్‌లైన్ వాడకం కోసం దాచుకోవచ్చు, తెరవలేము. దాచినప్పుడు అది ఎంత చోటు ఆక్రమించిందో కొలిస్తే జవాబు పొడవు బయటపడుతుందని గ్రహించి, క్రోమ్ ఆ లెక్కకు దొంగ బరువు కలుపుతుంది. నాలుగు కిలోబైట్ల బొమ్మ కూడా నిల్వ లెక్కలో సుమారు 7 మెగాబైట్లుగా పడొచ్చు.

ఇవన్నీ ప్రోగ్రాము స్థాయిలో గీసిన గీతలు. 2018 జనవరిలో స్పెక్టర్ అన్న పేరుతో బయటపడిన ప్రాసెసర్ లోపం ఆ గీతలు ఏ నేల మీద గీశారో చూపించింది. వేగం కోసం ప్రాసెసర్ ముందుగానే ఊహించి చేసే పనుల ఆనవాళ్లను సమయం కొలిచి పట్టుకుంటే, ఒక ప్రోగ్రాము తనున్న ప్రాసెస్ మెమరీలో తనకు హక్కు లేని బైట్లను కూడా చదవగలదని తేలింది. అంటే పేజీకి అందివ్వకుండా బ్రౌజర్ పక్కన పెట్టిన జవాబు అదే ప్రాసెస్ మెమరీలో పడి ఉంటే చాలు, నిషేధం అమల్లో ఉండగానే చదివేయొచ్చు. మోసగాడి పేజీ మన బ్యాంకు జేసన్ చిరునామాను ఒక బొమ్మ ట్యాగులో పెడుతుంది. బొమ్మ కాదని తేలి తెర మీద ఏమీ కనిపించదు, కానీ బైట్లు మెమరీలోకి వచ్చేశాయి. బ్రౌజర్లు అప్పటికప్పుడు సమయం కొలిచే గడియారాల నాణ్యత తగ్గించాయి, అలాంటి గడియారంగా వాడుకోగల షేర్డ్ అరే బఫర్‌ను తాత్కాలికంగా తీసేశాయి. ఆ ఏడాది క్రోమ్ 67 నుంచి డెస్క్‌టాప్ మీద ఒక్కో సైటును ఒక్కో ప్రాసెస్‌లో పెట్టడం మొదలైంది. దాంతోపాటే ఇంకో ఏర్పాటు వచ్చింది: పరాయి పేజీ బొమ్మగానో స్క్రిప్ట్‌గానో అడిగినదానికి వచ్చింది హెచ్‌టీఎంఎల్, ఎక్స్‌ఎంఎల్, జేసన్ అని తేలితే, దాన్ని ఆ పేజీ ఉన్న ప్రాసెస్ గడప కూడా తొక్కనివ్వకుండా నెట్‌వర్క్ వైపే ఆపేసి, ఆ ట్యాగుకు అప్పట్లో ఒక ఖాళీ జవాబు అందించేవారు.